అరుగు మీది కబుర్లు: "మంచు ఉంది మామా!"

పోయిన సంచికలో మా సత్రపట్టి బ్యాండేజీ మగ్గాల గురించి రాసిన కబుర్లు చదివి పాఠకులు ఉత్తరాలు రాశారు. వచ్చిన ఉత్తరాల్లో ఒకటి మాత్రం మగ్గాల సంగతి కాదు. కోయంబత్తూరు నుంచి ఒక తల్లి రాశారు. వాళ్ళ అబ్బాయి అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో చిన్న విమానం నడపడం నేర్చుకున్నాడట. లైసెన్సు కూడా చేతికొచ్చిందట. "చలికాలంలో అక్కడ విమానాల రెక్కలకు ఐసు పడుతుందని విన్నాను. మీరు సైన్సు మాస్టారు కదా, అది నిజంగా అంత ప్రమాదమా? వాణ్ణి మానెయ్యమని చెప్పనా?" అని ఆవిడ ప్రశ్న.

ఆ ఉత్తరం చదివి రెండు రోజులు ఊరికే ఉండిపోయాను. జవాబు తెలియక కాదు. జవాబు చెప్పాలంటే నేను చేసిన ఒక తెలివితక్కువ పని బయట పెట్టాలి. ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు. సరే, వయసు మీద పడ్డాక సిగ్గు దేనికి?

2006లో మేమిద్దరం మా అమ్మాయి దగ్గర, ఇండియానాపొలిస్ ఊరి బయట, ఆరు నెలలు ఉన్నాము. మనవడి మొదటి పుట్టినరోజు నవంబరు నెలాఖరు శనివారం నాడు. మా చెల్లెలి కొడుకు శీను అప్పుడు ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ దగ్గర ఉండేవాడు. వాడికి చిన్నప్పటి నుంచీ విమానాల పిచ్చి. మా ఊళ్ళో మిద్దె మీద పడుకుని మధురై వైపు పోయే విమానాల దీపాలు లెక్కపెట్టేవాడు. అక్కడికి వెళ్ళాక నలుగురు స్నేహితులతో కలిసి వంతులవారీగా ఒక పాత సెస్నా 172 కొన్నాడు. నాలుగు సీట్లు, ఒకే ఇంజను, రెక్క పైన, మనుషులు కింద. కారులో ఐదు గంటల దారి ఆ విమానంలో రెండు గంటల చిల్లర.

వాడు భార్యనూ నాలుగేళ్ళ కూతుర్నీ వెంటబెట్టుకుని వస్తానన్నాడు. నేను ఊరుకున్నానా? అక్కడి తెలుగువాళ్ళందరికీ, "మా మేనల్లుడు సొంత విమానంలో వస్తున్నాడు" అని వారం ముందు నుంచీ చెప్పుకున్నాను. వాటా సంగతి చెప్పలేదు లెండి.

శనివారం ఉదయం వాడు ఫోను చేశాడు. "మంచు ఉంది మామా. కారులో వస్తే కాస్త ఆలస్యమవుతుంది, ఏమనుకోవద్దు" అన్నాడు.

ఇక్కడే మన భాష నన్ను ముంచింది. మనకి అన్నిటికీ ఒకటే మాట. మార్గశిర మాసంలో పొద్దున్నే పొలాల మీద పరుచుకునేదీ మంచే, గడ్డి మీద ముత్యాల్లా నిలిచేదీ మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే, రిఫ్రిజిరేటర్లో పేరుకునేదీ మంచే. సత్రపట్టిలో పుట్టి పెరిగిన వాడికి మంచు అంటే ఏమిటి? పడమటి కొండల నుంచి దిగి, ఎనిమిది గంటలకల్లా విడిపోయేది. నేనూ అదే అనుకున్నాను.

"మంచుదేముందిరా, పొద్దెక్కితే అదే పోతుంది! కేకు కోసేది నాలుగు గంటలకు. నువ్వు లేకపోతే ఎట్లా? అందరూ నీ కోసమే చూస్తున్నారు" అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. "సరే మామా, చూస్తాను" అన్నాడు.

నాలుగయింది, ఐదయింది, వాడు రాలేదు. ఫోను పలకలేదు. కేకు కోసేశాము. రాత్రి తొమ్మిదింటికి ఒక అద్దె కారులో ముగ్గురూ దిగారు. "దారిలో వాతావరణం బాగాలేక మధ్యలో దిగిపోయాం మామా" అన్నాడు. పిల్ల నిద్రపోతోంది. ఆ అమ్మాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఏమీ మాట్లాడకుండా పిల్లను ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను మటుకు, "సొంత విమానం అన్నానే, అద్దె కారులో దిగాడే" అని లోలోపల చిన్నబోయాను. చూశారా, మనిషి బుద్ధి!

అసలు కథ ఐదేళ్ళ తరువాత తెలిసింది. 2011లో శీను ఊరికి వచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద కూర్చున్నాము. కరెంటు పోయింది. కరెంటు పోతే మా వీధిలో అన్ని మరమగ్గాలూ ఒక్కసారిగా ఆగుతాయి. అప్పుడు వచ్చే నిశ్శబ్దం మా ఊరి వాళ్ళకే తెలుసు. ఆ నిశ్శబ్దంలో వాడే అన్నాడు, "మామా, ఆ పుట్టినరోజు నాడు మేము చచ్చిపోవలసింది."

వాడు చెప్పింది అర్థం కావాలంటే కాస్త పాఠం చెప్పక తప్పదు. ముప్పయ్యేళ్ళు హైస్కూలులో చెప్పిన అలవాటు, ఓపిక పట్టండి.

నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డ కడుతుందని పిల్లలకు చెబుతాము. అది సగం నిజం. మబ్బులో ఉండే సన్నని నీటి బొట్లు సున్నాకు దిగువన, పది, పదిహేను, ఒక్కోసారి ఇరవై డిగ్రీల దిగువన కూడా గడ్డ కట్టకుండా నీరుగానే తేలుతుంటాయి. గడ్డ కట్టడానికి వాటికి ఆనుకోను ఏదో ఒకటి కావాలి. మన కూల్‌డ్రింకు షాపుల్లో ఈ వింత చూసే ఉంటారు. ఫ్రిజ్‌లో అడుగున బాగా చల్లబడ్డ సోడా సీసా, బయటికి తీసినప్పుడు నీళ్ళలాగే ఉంటుంది. మూత తియ్యగానే కళ్ళ ముందే తెల్లగా గడ్డ కట్టేస్తుంది. ఆ మబ్బులోని బొట్లూ అంతే. వాటికి తగలడానికి ఒక వస్తువు కావాలి. ఆ వస్తువు విమానం రెక్క!

బొట్లు సన్నవై, చలి ఎక్కువగా ఉంటే తగిలిన చోటే తెల్లగా, గరుకుగా అంటుకుంటాయి. బొట్లు పెద్దవై, చలి సున్నాకు దగ్గరగా ఉంటే తగిలాక కాస్త వెనక్కి పారి, గాజులాగా నున్నగా, బరువుగా, ఊడిరాకుండా పడుతుంది. రెండో రకం ఎక్కువ ప్రమాదం. అన్నిటికంటే చెడ్డది గడ్డకట్టే వాన. పైన వెచ్చని గాలి పొరలో మంచు కరిగి వానయి, కింద చల్లని పొరలోకి పడుతుంది. దాంట్లో చిక్కితే నిమిషాల మీద విమానమంతా గాజు తొడుగు వేసినట్టవుతుంది.

"బరువెక్కి పడిపోతుందన్న మాట" అన్నాను నేను, పెద్ద తెలిసినట్టు. వాడు తల అడ్డంగా ఊపాడు. "బరువు కాదు మామా, ఆకారం."

నిజమే. రెక్క విమానాన్ని ఎత్తుతోందంటే, దాని ముందంచు వంపు అంత శ్రద్ధగా చెక్కారు గనక. గాలి ఆ వంపును అంటిపెట్టుకుని జారాలి. ఆ అంచు మీద వడ్రంగి వాడే ముతక ఉప్పుకాగితం అంత మందాన, అంత గరుకుగా ఐసు పడితే చాలు, రెక్క ఎత్తే శక్తి 30 శాతం దాకా తగ్గి, గాలి అడ్డు 40 శాతం దాకా పెరుగుతుందని పైలట్లకు పాఠాల్లో చెబుతారు. ఉప్పుకాగితమంత! కంటికి ఆనదు. పైగా ఎంత వేగం దగ్గర రెక్క గాలిని వదిలేస్తుందో పుస్తకంలో అంకె ఉంటుంది. ఐసు పట్టిన రెక్కకు ఆ అంకె పనికిరాదు, ఇంకా ఎక్కువ వేగంలోనే వదిలేస్తుంది. పైలట్ తనకు ఇంకా జాగా ఉందనుకుంటాడు, ఉండదు. పంఖా రెక్కలకూ పడుతుంది, లాగే బలం తగ్గుతుంది. వేగం కొలిచే సన్నని గొట్టానికి పడితే వేగం ముల్లు అబద్ధం చెబుతుంది. అద్దానికి పడితే ముందు ఏమీ కనబడదు. తోక రెక్క పలచన గనక దానికి ముందుగానే, ఎక్కువగానూ పడుతుంది, పైలట్ సీటు లోంచి అది కనబడనే కనబడదు.

శీను ఆ రోజు వాతావరణం చూసుకున్నాడు. ఐసు పట్టే వీలుందని హెచ్చరిక ఉంది. సెస్నా 172 లాంటి విమానం అటువంటి మబ్బులోకి పోవడానికి తగినది కాదనీ, అనుమతి లేదనీ వాడికి తెలుసు. అయితే ఆ దారిన అప్పుడే వెళ్ళిన ఒక జెట్ పైలట్ "కొద్దిగానే ఉంది" అని రేడియోలో చెప్పాడట. "అక్కడ మోసపోయాను మామా. జెట్‌కు రెక్క అంచులో వేడిగాలి తిరుగుతుంది. ఆ మబ్బును రెండు నిమిషాల్లో దాటి పైకి పోతుంది. వాడికి కొద్ది, నాకు కొద్ది కాదు. నాకు తెలుసు. తెలిసీ, నాకు కావలసిన మాటే విన్నాను."

కావలసిన మాట నేనూ ఒకటి ఇచ్చాను కదా, పొద్దెక్కితే పోతుందని. వాడు అది ఎత్తలేదు. వాడు ఎత్తకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

నేల మీద ఐదు డిగ్రీలు. వెయ్యి అడుగులకు సుమారు రెండు డిగ్రీల చొప్పున తగ్గుతుంది. వాడు ఆరువేల అడుగుల ఎత్తున, మబ్బు లోపల. అంటే సున్నాకు దిగువన. మొదట అద్దం మూలల్లో తెల్లటి గీత కనిపించిందట. తరువాత రెక్కను పట్టి ఉంచే కడ్డీ ముందువైపు, వేలి గోరంత. అప్పుడే వెనక్కి తిరిగి ఉంటే కథ లేదు. "ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం, మబ్బు విడుతుందేమో" అనుకున్నాడు. పది నిమిషాల్లో 110 నాట్లు ఉన్న వేగం 90కి పడింది. ఇంజను పూర్తిగా తెరిచినా ఎత్తు నిలవడం లేదు. అద్దం మూసుకుపోయింది. పంఖా నుంచి ఊడిన ఐసు ముక్కలు తలుపుకు తగిలి ఠప్పు ఠప్పున మోగుతుంటే, వెనక సీట్లో పిల్ల, "నాన్నా, ఎవరో తలుపు కొడుతున్నారు" అన్నదట.

ఇది చెప్పి వాడు చాలాసేపు ఆగాడు.

తరువాత వాడు చేసిన పనులు సరిగ్గానే చేశాడు. రేడియోలో కంట్రోలర్‌కు దాచకుండా చెప్పాడు: ఐసు పట్టింది, కిందికి దిగాలి, వెంటనే. చాలామంది ఈ మాట చెప్పడానికి సిగ్గుపడతారట, చెయ్యరాని పని చేశామని తెలిసిపోతుందని. కంట్రోలర్ ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా దారి ఇచ్చాడు. అది ఒహాయో గనక బతికారు. చదును నేల, కొండల్లేవు. అదే మన పడమటి కనుమల లాంటి చోటయితే దిగడానికి చోటేది? రెండున్నర వేల అడుగులకు దిగేసరికి మబ్బు తొలగింది, గాలి సున్నాకు పైన రెండు డిగ్రీలు. ఐసు పెంకులు పెంకులుగా జారడం మొదలుపెట్టింది. పక్కనే ఉన్న ఒక చిన్న ఊరి విమానాల మైదానంలో, మామూలు కంటే ఎక్కువ వేగంతో, ఫ్లాపులు దించకుండా, పక్క కిటికీ లోంచి చూస్తూ దిగాడు. ఫ్లాపులు దించితే గాలి వాలు మారి ఐసు పట్టిన తోక పట్టు తప్పవచ్చునట.

మైదానంలో ఆగాక ఆ అమ్మాయి ఒకే మాట అన్నదట. "కేకు నాలుగింటికి కదా."

ఇంక కాస్త లోకం సంగతి. వాడుండే క్లీవ్‌లాండ్‌లోనే, విమానాలకు ఐసు ఎలా పడుతుందో పరీక్షించే పెద్ద గాలి సొరంగం ఉంది. 1944 నుంచి పని చేస్తోంది, ఇప్పుడు నాసా వారిది. ఆ ఊళ్ళో ఎనభై ఏళ్ళ నుంచి ఇదే పని మీద శాస్త్రజ్ఞులున్నారంటే సమస్య ఎంత మొండిదో చూడండి. 1927లో ఒంటరిగా అట్లాంటిక్ దాటిన లిండ్‌బర్గ్ కూడా మబ్బులో ఐసు పట్టడం గమనించి, వెనక్కి తిరిగి బయటపడి, చుట్టూ తిరిగి వెళ్ళాడు. అంతటి వాడు వెనక్కి తిరిగాడు.

మా అమ్మాయి వాళ్ళ ఇండియానా రాష్ట్రంలోనే 1994 అక్టోబరు 31న ఒక ప్రమాదం జరిగింది. ఇండియానాపొలిస్ నుంచి చికాగో వెళ్ళే ఏటీఆర్ 72 విమానం. చిన్నదేమీ కాదు, ఐసు వదిలించే ఏర్పాటూ ఉంది. రెక్క ముందంచుకు రబ్బరు తొడుగులుంటాయి, గాలి కొడితే ఉబ్బి ఐసును పగలగొడతాయి. చికాగోలో రద్దీ వల్ల అరగంటకు పైగా ఆకాశంలోనే చక్కర్లు కొట్టించారు. ఆ మబ్బులో బొట్లు పెద్దవి. అవి రబ్బరు తొడుగు దాటి వెనక్కి పారి అక్కడ గట్టు కట్టాయి. విమానాన్ని అప్పటిదాకా నడుపుతున్నది ఆటోపైలట్. రెక్క కష్టం దాని చేతికే తెలుస్తోంది గాని మనిషి చేతికి తెలియదు. అది ఒక్కసారి చేతులెత్తేసరికి విమానం పక్కకు దొర్లిపోయింది. రోజ్‌లాన్ అనే ఊరి దగ్గర సోయా పొలంలో 68 మందీ పోయారు. ఆ తరువాత ఆ విమానాల రబ్బరు తొడుగులు వెడల్పు చేశారు. ముప్పయ్యేళ్ళకు, 2024 ఆగస్టు 9న, బ్రెజిల్‌లో విన్యెదు అనే ఊళ్ళో అదే జాతి విమానం ఇళ్ళ మధ్య కూలి 62 మంది పోయారు. ప్రాథమిక నివేదికలో మళ్ళీ అదే మాట, పైలట్లు ఐసు గురించి మాట్లాడుకున్నారని. రబ్బరు తొడుగులూ, ఇద్దరు పైలట్లూ ఉన్న వాటి గతే ఇది. ఇంక ఏమీ లేని నాలుగు సీట్ల బండి మాట చెప్పాలా?

ఐసు రెక్క మీదే పట్టాలని లేదు. 2009 మార్చి 22న అమెరికాలో మోంటానా రాష్ట్రంలో బ్యూట్ అనే ఊరి దగ్గర ఒకే ఇంజను ఉన్న పిలాటస్ విమానం కూలింది. కుటుంబాలు పిల్లలతో మంచు మీద ఆటలకు పోతున్నాయి. 14 మంది, అందులో ఏడుగురు పిల్లలు. ఇంధనంలో ఉండే తేమ గడ్డ కట్టకుండా కలపవలసిన మందు కలపలేదు. ఇంధనం దారిలోనే ఐసు.

"ఇదంతా ఆ చలి దేశాల గోల, మనకెందుకు?" అనే వారి కోసం ఒక మాట. మా ఊరి మీద సున్నా డిగ్రీలు తగలాలంటే సుమారు 16,000 అడుగులు ఎక్కాలి, చిన్న విమానాలు అంత ఎత్తుకు రావు. రెక్కల మీద ఐసు మనకు లేదు, నిజమే. కాని ఇంజను గొంతులో ఐసు ఉంది! ఇది చెబితే మా హెడ్మాస్టరు గారు నమ్మలేదు. పెళ్ళి వంటల దగ్గర చూడండి. ఎర్రటి ఎండాకాలంలో పెద్ద పొయ్యి మీద సాంబారు కాగుతుంటే, పక్కన గ్యాసు సిలిండరు అడుగున తెల్లగా మంచు పట్టి ఉంటుంది. లోపల ద్రవం ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుంటుంది గనక. పాత రకం విమానం ఇంజను కార్బ్యురేటర్లోనూ అదే. పెట్రోలు ఆవిరి కావడం వల్లా, ఇరుకు గొంతులో గాలి వేగం పెరిగి ఒత్తిడి పడిపోవడం వల్లా అక్కడ చలి ఒక్కసారిగా ఇరవై, ముప్పై డిగ్రీలు కిందికి పోవచ్చు. గాలిలో తేమ ఉంటే, బయట ఇరవై, ఇరవై ఐదు డిగ్రీలున్నా లోపల ఐసు కడుతుంది. మద్రాసులో డిసెంబరు ఉదయం లాంటి గాలి దీనికి బాగా అనుకూలం. ముఖ్యంగా ఇంజను తగ్గించి కిందికి దిగేటప్పుడు.

మన దేశపు ఫ్లయింగ్ క్లబ్బుల్లో పిల్లలు నేర్చుకున్న పుష్పక్, సెస్నా 152 విమానాలకు ఈ కార్బ్యురేటర్లే. దీనికి మందు కూడా ఉంది. వేడిగాలిని లోపలికి పంపే మీట. చిక్కేమిటంటే, ఆ మీట లాగగానే ఐసు కరిగిన నీళ్ళు మింగి ఇంజను మొదట ఇంకా ఎక్కువ దగ్గుతుంది. కొత్తవాడు బెదిరి, మీట వల్లే చెడిందనుకుని తోసేస్తాడు. అంతే సంగతులు. కషాయం తాగిన పిల్లవాడు మొదట ఒకసారి కక్కుకుంటాడు, అని మందు మానేస్తామా? దగ్గినా పట్టుకుని ఉండాలి.

చిన్న విమానాలంటే మన తెలుగువాళ్ళకు ఐసు గుర్తు రాదు. వరసగా మూడు పేర్లు గుర్తొస్తాయి. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరులో పోయిన స్పీకరు బాలయోగి గారు, 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరులో సెస్నా విమానంలో తన అన్నగారితో పోయిన నటి సౌందర్య, 2009 సెప్టెంబరు 2న నల్లమలలో పోయిన ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డి గారు. ఆ మూడింటిలో ఒక్కదానికీ ఐసుతో సంబంధం లేదు. అన్నిటినీ ఒక మూటలో కట్టి "చిన్న విమానం చావు" అనడం మా వీధి అరుగుల మీద అలవాటు. శీను సంగతి తెలిసిన తరువాత మా చెల్లెలు కూడా అలాగే ఏడ్చి, "ఇంక ఎక్కనని ప్రమాణం చెయ్యి" అంది. వాడు చెయ్యలేదు. చేసి ఉంటే అబద్ధమయ్యేది, మాకు చెప్పకుండా ఎగిరేవాడు.

అందుకని కోయంబత్తూరు అమ్మగారూ, మీ అబ్బాయిని మానమని చెప్పమని నేను అనను. చెప్పినా వినడు, వాళ్ళ వయసు అది. తన విమానం ఎటువంటి మబ్బులోకి పోకూడదో మీవాడికి నేర్పే ఉంటారు. వాడికి తెలియనిది ఏదీ నాకు తెలియదు. మీ చేతిలో ఉన్నది వేరే. వాడు "ఈ పూట రాలేనమ్మా" అన్నప్పుడు ఇటువైపు నుంచి ఏం వినబడుతుంది అన్నది. "అయ్యో, అందరూ నీకోసం చూస్తున్నారే" అన్న మాట మనం ప్రేమతోనే అంటాము. నేనూ ప్రేమతోనే అన్నాను. కాస్త గొప్ప కోసం కూడా. పండుగకో పెళ్ళికో రమ్మన్నప్పుడు, "వాతావరణం చూసుకో, నువ్వు మరునాడు వచ్చినా బొబ్బట్లు ఉంటాయి" అని ముందే చెప్పి పెట్టండి. ఆ రోజు ఫోనులో కొత్తగా చెప్పినా వాడికి మీ గొంతులో నిరాశే వినబడుతుంది. ఇంకొకటి. "మంచు" అని ఊరుకుంటే ఒప్పుకోకండి. ఏ మంచు అని అడగండి.

శీను ఇప్పటికీ ఎగురుతున్నాడు. ఆ విమానం వాటా అమ్మేసి వేరేది తీసుకున్నాడు, చలికాలంలో సగం రోజులు అది షెడ్డులోనే ఉంటుంది. వెనక సీట్లో తలుపు కొడుతున్నారన్న పిల్ల కాలేజీ చదువుకు వచ్చింది.

పోయిన డిసెంబరులో మా అమ్మాయి ఇక్కడికి ఫోను చేసి ఒకటే గొణుగుడు. కొత్తింటి గృహప్రవేశమట, శీను బావ వస్తానని చెప్పి ఆఖరి నిమిషంలో రానన్నాడట, కారుకు కూడా రోడ్లు బాగాలేవట, వంటలన్నీ మిగిలిపోయాయట. నేను ఏదో సర్దిచెప్పబోతుంటే మా ఇల్లాలు ఫోను లాక్కుంది. ఆవిడ ఐదో తరగతి దాటలేదు, ఆ ఆరు నెలలు తప్ప సత్రపట్టి దాటి ఎక్కువ పోలేదు.

"అది సరేనే, మబ్బు ఎంత ఎత్తున ఉందట? లోపల ఎన్ని డిగ్రీలట?" అని అడిగింది.

అటువైపు మా అమ్మాయి ఏమందో నాకు వినబడలేదు. అప్పుడే కరెంటు వచ్చి మగ్గాలు మొదలయ్యాయి.